జిరాఫీకి స్నానం

ఆ అమ్మాయిని బడిలో అందరూ ర్యాంకు అని పిలిచేవాళ్లు. మొదట్లో వెటకారంగా పెట్టిన పేరే అయినా, పిలవగా పిలవగా అందులోని వెటకారం అరిగిపోయి ఉత్త పేరు మిగిలింది. "ర్యాంకూ, ఆ డస్టరు ఇటందుకో," అని ఒక్కోసారి టీచర్లు కూడా నోరు జారేవాళ్లు. ఆమె ఏమీ అనుకునేది కాదు. డస్టరు అందించేది.

సోమవారం పొద్దున వైస్ ప్రిన్సిపాల్ గది నుంచి పిలుపొస్తే, ఏ క్విజ్జుకో పంపిస్తారు కాబోలు అనుకుంటూ వెళ్లింది. ఆయన బల్ల మీద నల్ల సంచీ ఒకటి ఉంది.

"ఇందులో కెమెరా ఉందమ్మా. ఇది మైకు. ఇవి చెవులకి పెట్టుకునేవి. సినిమా పోటీకి మన బడి తరఫున దర్శకురాలివి నువ్వే. వచ్చే వారం, మంగళవారం నాడు తల్లిదండ్రుల మీటింగులో వేసి చూపించాలి. ఆ తర్వాత పోటీకి పంపాలి."

"సరే సార్," అంది ర్యాంకు. ఆ గదిలో ఆమె ఎప్పుడూ అనే మాట అదే.

సంచీ భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్లాక కాళ్లు ఆగాయి. "సార్, ఆ సినిమా మా క్లాసులో ఇంకో అమ్మాయిది కదా?"

"సినిమా ఎవరిదీ కాదు, బడిది. కెమిస్ట్రీ తప్పిన పిల్ల పేరు దర్శకురాలని వేసి పంపితే నలుగురూ ఏమనుకుంటారమ్మా? తప్పినవాళ్లు షూటింగ్ టైములో ఆవరణలో కనబడకూడదని నోటీసు కూడా పెట్టించాను. ఆ పిల్లని కాస్త కూర్చుని చదువుకోనీ. దాని మంచికే చెబుతున్నా."

ఆయన చెడ్డవాడేం కాదు. నిజంగానే అది ఆ పిల్ల మంచికే అనుకుంటున్నాడు. అలాంటివాళ్లతో వాదించడం ఎలాగో ర్యాంకుకి ఏ పుస్తకంలోనూ చెప్పలేదు. సంచీ బరువు సర్దుకుని బయటికొచ్చేసింది.

ఆ ఇంకో అమ్మాయిని కబుర్లు అంటారు. ప్రార్థనలో మాట్లాడుతుంది, బస్సులో మాట్లాడుతుంది, పరీక్ష హాల్లో పక్కవాళ్లు దొరక్కపోతే తన ప్రశ్నపత్రంతో మాట్లాడుతుంది. వేసవి సెలవుల నుంచీ ఆమె ఈ సినిమా కథ దొరికినవాళ్లందరికీ చెప్పింది. నీళ్ల కుళాయి దగ్గర నిలబడ్డవాళ్లకి, బూటు లేసు కట్టుకుంటూ వంగి పారిపోలేనివాళ్లకి కూడా చెప్పింది. అందుకని తీయకముందే ఆ సినిమా బడి మొత్తానికీ కంఠతా వచ్చు. ఒక చిన్నపిల్ల పెద్దయ్యాక జిరాఫీలకి స్నానం చేయిస్తానంటుంది. ఒకటో తరగతి టీచరు నవ్వి, "జంతువుల డాక్టరునవుతాను అనాలి," అని దిద్దుతుంది. ఇంటికొచ్చిన మావయ్య, "జంతువులెందుకే, ఉత్త డాక్టరు చాల్లే," అంటాడు. ఇంకొన్నాళ్లకి అందరూ కలిసి, "ముందు పాసవ్వు చూద్దాం," అంటారు. చివర్న ఆ పిల్ల పరీక్ష రాసి బయటికొస్తే గేటు దగ్గర ఒళ్లంతా దుమ్ము కొట్టుకుపోయిన జిరాఫీ ఒకటి ఓపిగ్గా నిలబడి ఉంటుంది. పిల్ల పరీక్ష అట్ట పక్కన పెట్టి బకెట్టు అందుకుంటుంది. అంతే కథ.

మధ్యాహ్నం తరగతిలో కబుర్లు మాట్లాడలేదు. కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఆ మౌనానికి తరగతంతా ఇబ్బంది పడింది. ఫ్యాను ఆగిపోయినట్టుగా అందరూ తలెత్తి చూసుకున్నారు. ర్యాంకు మొదటి బెంచీలో వెనక్కి తిరగకుండా కూర్చుంది. కాళ్ల దగ్గర నల్ల సంచీ ఉంది. దాన్ని మడమతో బెంచీ కిందికి నెట్టింది. అదేదో దొంగసొత్తయినట్టు.

మర్నాడు బడి వదిలాక, వెనకవైపు సైకిళ్ల షెడ్డు దగ్గర షూటింగు మొదలైంది. మొదలైందనడం కాస్త ఎక్కువే. కెమెరా పట్టినవాడు తొమ్మిదో తరగతి కుర్రాడు, పొడుగు అంటారు. మనిషి తాడిచెట్టు, మాట మాత్రం పొట్టి. జిరాఫీ అట్టపెట్టెలతో తయారై, మచ్చలకి రంగు పులుముకుని, గోడకి ఆనుకుని ఉంది. ఇద్దరు పిల్లలు దుప్పటి కింద దూరి దానికి కాళ్లవ్వాలి. హీరోయిన్ కబుర్లు చెల్లెలే. ఒకటో తరగతి, గుండ్రంగా, బుడంకాయలా ఉంటుంది. పిలిచేదీ అలాగే.

బుడంకాయ నేల మీద చతికిలబడి ఒక బూటు విప్పేసింది.

"మా అక్కేది?"

"మీ అక్క రాదమ్మా. నేను చెప్తాను కదా," అంది ర్యాంకు, స్క్రిప్టు కాగితం చూస్తూ. "ఇక్కడ నువ్వు నవ్వాలి. రాసుంది చూడు."

"నీకు నవ్వొస్తే నువ్వు నవ్వు."

పొడుగు కెమెరా వెనక నుంచి ఒక్క శబ్దం చేశాడు. అది దగ్గో నవ్వో తెలియలేదు.

ర్యాంకు చాక్లెట్టు ఇస్తానంది. పిల్ల తినేసి రెండో బూటు కూడా విప్పింది. లెక్కలో ఎక్కడ తప్పు జరిగిందో తెలియక ర్యాంకు కాగితాన్ని అటూ ఇటూ తిప్పుతుండగా, ఆకాశం నుంచి పడ్డట్టు ఒక కేక వినిపించింది.

"బుడంకాయా! లే! గౌను మట్టి చేశావంటే అమ్మ నన్ను తిడుతుంది!"

అందరూ తలెత్తారు. ప్రహరీ గోడ మీద కబుర్లు తల ఉంది. గోడ అవతల కార్లు కడిగే షాపు. అక్కడి ఖాళీ డ్రమ్ము బోర్లించి, దాని మీద నిలబడి, గడ్డం గోడకి ఆనించి చూస్తోంది. ఎంతసేపట్నుంచి చూస్తోందో మరి.

ర్యాంకు గోడ దగ్గరికి నడిచింది.

"నువ్వే దర్శకురాలివట కదా," అంది కబుర్లు. "కంగ్రాట్స్."

"నేనేం అడగలేదు."

"వద్దని కూడా అనలేదుగా."

అది నిజమే. ర్యాంకు బూట్ల వైపు చూసుకుంది. అవతల ఎవరో కారు మీద నీళ్లు కొడుతున్నారు. ఆ తుంపర గోడ దాటి ఇద్దరి మొహాల మీదా పడుతోంది. నోటీసులోని వాక్యాలు ర్యాంకు కళ్ల ముందు వరసగా కదిలాయి. చదివిందల్లా అలా నిలిచిపోవడం ఆమెకి అలవాటు. కానీ ఈసారి మధ్యలో ఒక మాట దగ్గర కళ్లు ఆగిపోయాయి.

"ఆవరణలో ఉండకూడదని ఉంది," అంది నెమ్మదిగా.

"తెలుసు. చదివాను. మళ్లీ చదివి వినిపించక్కర్లేదు."

"గోడకి అవతల ఆవరణ కాదు."

కబుర్లు ఆమెని కాసేపు కళ్లార్పకుండా చూసింది. తర్వాత ఎంత గట్టిగా నవ్విందంటే డ్రమ్ము జారి మనిషి మాయమైపోయింది. అవతల ధబ్‌మని చప్పుడు, ఎవరిదో తిట్టు, మళ్లీ డ్రమ్ము లాగిన చప్పుడు. తల మళ్లీ మొలిచింది. జుట్టు తడిసి ఉంది.

"నీ బుర్ర మార్కులకి తప్ప దేనికీ పనికిరాదనుకున్నానే! పొడుగూ, కెమెరా తియ్యి! బుడంకాయా, బూట్లేసుకో!"

"మరి నేనేం చెయ్యాలి?" అంది ర్యాంకు.

"ఆ మైకుకి చీపురుకర్ర కట్టి ఉంది చూడు, అది పట్టుకో. చెవులవి తగిలించుకో. కెమెరాలో కనబడకు. చాలు."

అలా ఆ బడి మొదటి ర్యాంకు చీపురుకర్ర పట్టింది. మైకుకి ఎవరిదో ఊలు మేజోడు తొడిగారు, గాలి చప్పుడు రాకుండా. కర్రని తల మీదుగా రెండు చేతులా ఎత్తి పట్టుకోవాలి, మోచేతులు వణకకూడదు. హెడ్‌ఫోన్లు పెట్టుకోగానే ర్యాంకు ఉలిక్కిపడింది. లోకం ఒక్కసారి చెవి దగ్గరికొచ్చి కూర్చుంది. బుడంకాయ ముక్కుతో పీల్చే గాలి వినిపించింది. అట్ట జిరాఫీ కడుపులో ఇద్దరు పిల్లలు గుసగుసగా దెబ్బలాడుకోవడం వినిపించింది. ఎక్కడో సైకిలు చక్రం ఒకటి ఖాళీగా తిరుగుతూ టిక్ టిక్ టిక్ అని ఆగిపోవడం వినిపించింది. తను రోజూ దాటుకుని వెళ్లే షెడ్డే ఇది. ఇన్నేళ్లలో ఇవేవీ వినలేదు. కర్రని కొంచెం ఎడమకి తిప్పితే పిచ్చుకలు, కుడికి తిప్పితే కుళాయి. చేతులు లాగుతున్నాయి, భుజాలు మంట పెడుతున్నాయి, అయినా దించాలనిపించలేదు.

"ర్యాంకూ, ఏంటే అలా నవ్వుతున్నావ్?" అని గోడ మీది తల అడిగింది.

తను నవ్వుతున్నట్టు ర్యాంకుకి తెలియనే తెలియదు.

గురువారం నాడు జిరాఫీ స్నానం తీశారు. కథ ప్రకారం బుడంకాయ బకెట్టులో చీపురు ముంచి జిరాఫీ కాళ్లు రుద్దాలి. రుద్దింది. బాగానే ఉంది, కానీ కబుర్లుకి నచ్చలేదు. "స్నానమంటే ఇలా ఉంటుందా? ఇది ముగ్గు వెయ్యడానికి కల్లాపి జల్లినట్టుంది!" అని వెనక్కి తిరిగి, షాపు ఓనరమ్మని, "అత్తా, ఆ పైపొకసారి ఇవ్వరూ!" అంది. ఆ షాపావిడ వీళ్లకి ఏ వరసా కాదు, రెండ్రోజుల డ్రమ్ము పరిచయం. ఆవిడ పైపు ఇవ్వలేదు. తనే డ్రమ్ము పక్కన ఇంకో డ్రమ్మెక్కి, గోడ మీదుగా పైకి గురిపెట్టి వదిలింది.

నీళ్లు ఎండలో పైకి లేచి, గొడుగులా విచ్చుకుని, జిరాఫీ నెత్తిన పడ్డాయి. మచ్చల రంగు కారింది. బుడంకాయ ఆనందం పట్టలేక కీచుమని గెంతింది. ఆ తర్వాత జరిగింది ఎవరూ రాయలేదు. అట్ట మెడ తడిసి, మెత్తబడి, మెల్లగా వంగడం మొదలుపెట్టింది. వంగుతూ వంగుతూ వచ్చి జిరాఫీ తల సరిగ్గా బుడంకాయ భుజం మీద ఆనింది. నిద్రకి తూగుతున్న జంతువులా. బుడంకాయ గెంతడం ఆపింది. చీపురు వదిలేసి, చిన్న చెయ్యెత్తి, ఆ తడి అట్ట చెంపని నిమిరింది.

"హాయిగా ఉందా?" అని అడిగింది. ఎవరూ అడగమనలేదు.

పొడుగు ఊపిరి బిగబట్టి తీస్తూనే ఉన్నాడు. జిరాఫీ కాళ్లు రెండు జతలూ చెరోవైపు జారి, మొత్తం దుప్పటితో సహా కుప్పకూలేదాకా తీశాడు. అప్పుడిక నవ్వు ఆపడం ఎవరివల్లా కాలేదు. షాపావిడ కూడా గోడ పట్టుకుని నవ్వింది. ర్యాంకు చీపురుకర్ర దించకుండా, నీళ్లు మొహమంతా కారుతుంటే, హెడ్‌ఫోన్లు తడవకుండా భుజాలు చెవుల దాకా ఎత్తి నవ్వింది.

వెళ్లేముందు కబుర్లు గోడ మీంచి అడిగింది. "సినిమా మొదట్లో మన క్లాసువాళ్లందరి చేతా చెప్పిస్తున్నాం కదా, చిన్నప్పుడు ఏమవ్వాలనుకున్నారో. నువ్వొక్కదానివే మిగిలావు. ఏమవ్వాలనుకున్నావ్?"

ర్యాంకు మైకు మీది తడి మేజోడు లాగి పిండింది. "ఏమీ గుర్తు లేదు," అంది.

"నీకా? గుర్తు లేదా?" కబుర్లు ఆశ్చర్యపోయింది. ఈసారి వెక్కిరింత లేదు.

శుక్రవారం ర్యాంకూ పొడుగూ కంప్యూటరు గదిలో కూర్చుని తీసిందంతా వేసుకుని చూశారు. బొమ్మ అద్భుతంగా ఉంది. సంతోషానికి పొడుగుకి చెవులు ఎర్రబడ్డాయి. కానీ చప్పుడు పెట్టగానే ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. ప్రతి ముక్కలోనూ, మొదలు నుంచి చివరి దాకా, గోడ మీంచి కబుర్లు కేకలే. "నవ్వు! పళ్లన్నీ కాదు, రెండు చాలు!" "ముక్కు గోక్కోకే!" "పొడుగూ, కిందికి దించు, నీ ఎత్తు నుంచి కాదు, జిరాఫీ ఎత్తు నుంచి!" బుడంకాయ ఒక్క మాటంటే అక్క పది మాటలు. వాటి వెనక కార్ల మీద నీళ్ల హోరు.

"ఉన్న చప్పుడంతా పోయినట్టే," అన్నాడు పొడుగు. అతను ఒక్కసారి అన్ని మాటలు కలిపి మాట్లాడటం అరుదు.

ఫోనులో ఈ సంగతి చెబితే కబుర్లు, "నా నోరే నా సినిమాని మింగేసిందన్నమాట," అంది.

"బొమ్మ ఉందిగా," అంది ర్యాంకు. "చప్పుళ్లు కొత్తగా చేద్దాం. అన్నీ."

"ఎవరు చేస్తారు?"

"చూద్దాం," అంది ర్యాంకు. జవాబు తెలియని ప్రశ్నకి అలా ధైర్యంగా చెయ్యెత్తడం ఆమెకి అదే మొదలు.

ఆ సాయంత్రం ఇంట్లో అమ్మ ఆరేసిన బట్టలు మడత పెడుతోంది. రక్తపరీక్షలు చేసే ల్యాబులో ఉద్యోగం ఆవిడది. రోజంతా సూదులతో పనిచేసి వచ్చి, బట్టలు మడతపెట్టేటప్పుడు మాత్రం చేతుల్ని బరబరా విసురుతుంది. ర్యాంకు దుప్పటికి రెండో కొస పట్టుకుంది.

"అమ్మా, నేను చిన్నప్పుడు ఏమవుతాననేదాన్ని?"

"నువ్వా? చప్పుళ్లవుతాననేదానివి."

"చప్పుళ్లవడమేంటి?"

"అదే మేమూ అడిగేవాళ్లం. కుక్కరు కూత నీదే, స్కూటరు నీదే. నువ్వు నోటితో కాలింగ్ బెల్లు మోగిస్తే నేను తడి చేతులతో పరిగెత్తుకెళ్లి తలుపు తీసేదాన్ని. అవతల ఎవరూ ఉండేవాళ్లు కాదు. నువ్వు సోఫా వెనక పడి దొర్లేదానివి." అమ్మ దుప్పటి మడత మధ్యలో ఆగి నవ్వింది. "తర్వాత యూకేజీలో కొంప ముంచావు. టీచరు అటు తిరగ్గానే బడి గంట మోగించావు. క్లాసు క్లాసంతా బ్యాగులేసుకుని గేటు దాకా వెళ్లిపోయింది. మీ నాన్నని పిలిపించారు. ఆయన ఇంటికొచ్చి, ఇక చెయ్యనని మాటివ్వమన్నారు. ఇచ్చావు. నువ్వు మాటిస్తే ఇంకేముంది."

"అంతేనా? ఇంకెప్పుడూ చెయ్యలేదా?"

"ఎప్పుడూ చెయ్యలేదు. మొదట్లో ఇల్లు బోసిపోయినట్టుండేది. తర్వాత నీకు మార్కులు రావడం మొదలైంది, అవి చూసుకుంటూ మర్చిపోయాం."

ర్యాంకు తన వాటా దుప్పటి కొస అమ్మ చేతిలో పెట్టి స్నానాల గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. అద్దంలో మొహం చూసుకుంది. నాలుకని అంగిలికి ఆనించింది. మొదటిసారి ఉత్త గాలొచ్చింది. రెండోసారి ఈల. దవడ ఎడమవైపు ఎక్కడో ఒక చోటు ఉంది, అక్కడికి నాలుక దానంతటదే వెళ్లింది.

ట్రి... ట్రింగ్.

బయట అమ్మ, "వస్తున్నా, వస్తున్నా," అంటూ వీధి తలుపు వైపు నడిచింది. గొళ్లెం తీసిన చప్పుడైంది. ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత, "ఓసి నీ..." అని అమ్మ ఇల్లెగిరిపోయేలా నవ్వింది. ర్యాంకు స్నానాల గది గచ్చు మీద కూలబడి, మోకాళ్ల మధ్య తల పెట్టుకుని, కళ్లవెంట నీళ్లొచ్చేదాకా నవ్వుకుంది.

ఆదివారాలు నాన్న కళ్లద్దాల షాపులో ర్యాంకు మోడల్ టెస్టు రాస్తుంది. ఆ రోజు షాపు సెలవు, ప్రశాంతంగా ఉంటుందని నాన్న ఏర్పాటు. ఆయన కొలతలు తీసి, అద్దాలు అరగదీస్తూ ఓ పక్క పెండింగు పని చూసుకుంటాడు. ఆమె మరో పక్క రాస్తుంది. ఆ ఆదివారం ఆమె పెన్ను తీయలేదు.

"నాన్నా, ఇవాళ టెస్టు రాయను."

ఆయన కళ్లజోడు నుదుటి మీదికి జరిపి చూశాడు. "ఏమ్మా, జ్వరమా?"

"కాదు. సినిమాకి చప్పుళ్లు చెయ్యాలి. షాపు కావాలి నాకు. మెషీను కూడా."

"సినిమా అయిపోయిందన్నావుగా. అయినా పరీక్షల్లో చప్పుళ్లకి మార్కులుంటాయా?"

"ఉండవు," అంది ర్యాంకు. ప్రశ్నపత్రం మడిచి పక్కన పెట్టేసింది. "ఉండవు నాన్నా. అయినా చేస్తాను."

నాన్న నోరు తెరిచేలోపు షట్టరు కింద నుంచి బుడంకాయ దూరి వచ్చింది, వెనకే కబుర్లు, ఆ వెనక పొడుగు నడుం సగానికి వంచుకుని. ముగ్గురూ ఖాళీ అట్టపెట్టె, బకెట్టు, చీపురు, ఇసుక పళ్లెం మోసుకొచ్చారు. కబుర్లు ఆయనకి నమస్కారం పెట్టి, ఆపకుండా షాపు ఎంత బాగుందో, ఆ అక్షరాల బోర్డులో కింది వరస తను చదవగలదో లేదో, జిరాఫీకి కళ్లజోడు పెట్టాలంటే రెండు అద్దాల మధ్య ఎంత దూరం ఉండాలో అడిగేసింది. నాన్న చివరిదానికి జవాబు చెప్పబోయి, తను చెప్పబోతున్నానని గ్రహించి ఆగిపోయాడు. "ఒక్క పావుగంటే," అన్నాడు.

ల్యాప్‌టాపులో బొమ్మ నడుస్తుంటే ర్యాంకు పని మొదలుపెట్టింది. బుడంకాయ బూట్లలో చేతులు దూర్చి, ఇసుక పళ్లెం మీద నడిపించింది. తెర మీద పిల్ల నడిచింది! చీపురు అట్టపెట్టె మీద రుద్దితే జిరాఫీ ఒళ్లు రుద్దినట్టే ఉంది. తడిసిన మెడ వంగే చోట, పాత తోలు కళ్లజోడు పెట్టెని మైకుకి ఆనించి మెల్లిగా తిప్పింది. కిర్ర్ర్‌మని వచ్చిన ఆ చప్పుడుకి కబుర్లు ఒళ్లు జలదరించి తన నోరు తనే మూసుకుంది. బుడంకాయ చేత మాటలన్నీ మైకు ముందు మళ్లీ చెప్పించారు. పిచ్చుకలు, బెల్లు, మావయ్య తుమ్ము అన్నీ ర్యాంకు నోటి నుంచే వచ్చాయి. బుడంకాయ ఆమె నోట్లోకి తొంగి చూసి, లోపల ఏమైనా దాచిందా అని వెతికింది.

స్కూలు బస్సు దగ్గర పని ఆగింది. నోటితో చేస్తే దోమలా వస్తోంది. ర్యాంకు అద్దాలు అరగదీసే మెషీను ఆన్ చేసి, పనికిరాని అద్దపు ముక్క ఒకటి చక్రానికి ఆనించింది.

"ఇది బస్సులా లేదు," అన్నాడు నాన్న, తన బల్ల దగ్గర నుంచి, తలెత్తకుండా. "క్లచ్చు పోయిన ఆటోలా ఉంది."

ర్యాంకు ముక్కని ఇంకోసారి ఆనించి చూసింది. ఆయన లేచి వచ్చాడు.

"ఇటివ్వు. ప్లాస్టిక్కు కాదు, గాజుది పెట్టాలి. ముందు ఇలా ఆనీ ఆననట్టు. గేరు మార్చినప్పుడు ఒత్తాలి. విను."

చక్రం గుర్రుమని, ఒక మెట్టు ఎక్కి, ఇంకో మెట్టు ఎక్కింది. నిండుగా పిల్లల్ని ఎక్కించుకున్న బస్సు మలుపు తిరిగి వెళ్లిపోయింది. పొడుగు చప్పట్లు కొట్టాడు. నాన్న మొహంలో మొదట ఏమీ కనబడలేదు. తర్వాత పెదాల కొసల్లో ఏదో కదిలింది. "బ్రేకు వేసి ఆగేది కూడా ఉందా సినిమాలో?" అని అడిగాడు. లేదన్నారు. "ఉంటే బాగుంటుంది," అన్నాడు. ఉండేలా చేశారు. పావుగంట సంగతి ఎవరికీ గుర్తు లేదు. అమ్మ ఫోను చేస్తే, "పనిలో ఉన్నాం, తర్వాత చెయ్యి," అని నాన్నే పెట్టేశాడు.

మంగళవారం బడి హాలు తల్లిదండ్రులతో నిండిపోయింది. మీటింగు కాబట్టి, షూటింగు టైము కాదు కాబట్టి, కబుర్లు లోపలికి రావచ్చు. వచ్చి చిట్టచివర తలుపు దగ్గర నిలబడింది. తెర మీద మొదటి అట్ట, పేర్లు వేసింది, పడింది. 'పెద్దయ్యాక'. దాని కింద, దర్శకత్వం అని ర్యాంకు పేరు. వైస్ ప్రిన్సిపాల్ గారు చెప్పింది చెప్పినట్టు వేసింది ఆమె. కబుర్లు తెర వైపు చూడకుండా తలుపు గడియ వైపు చూసింది.

సినిమా మొదలయ్యాక అందరూ ఆ పేరు మర్చిపోయారు. వరసగా పదో తరగతి పిల్లలు వచ్చి చెప్పారు: ఐస్‌క్రీము బండి తోలేవాణ్ణి, వాననయ్యేదాన్ని, మా తాతకి తాతని. చిట్టచివర ర్యాంకు వచ్చి, "చప్పుళ్లయ్యేదాన్ని," అంది. జిరాఫీ వచ్చేసరికి ముందు వరసల చిన్నపిల్లలు కుర్చీల మీదికెక్కారు. బస్సు బ్రేకు వేసి ఆగినప్పుడు నాన్న పక్క కుర్చీలోని ఆయన్ని మోచేత్తో అనవసరంగా పొడిచాడు. తడి మెడ కిర్రుమంటూ వంగి పిల్ల భుజం మీద వాలిన చోట హాలంతా నిశ్శబ్దమైపోయింది. "హాయిగా ఉందా?" అన్న బుడంకాయ గొంతు తర్వాత ఎవరో పెద్దావిడ, "హాయిగానే ఉందమ్మా," అని పైకే అనేసింది.

బొమ్మ నల్లబడింది. పనిచేసినవాళ్ల పేర్లు పైకి కదలడం మొదలైంది. చప్పట్లు కూడా మొదలయ్యాయి. వాటిని చీల్చుకుని, నల్ల తెర వెనక నుంచి, ఒక గొంతు ఖంగుమంది.

"నవ్వు! పళ్లన్నీ కాదే, రెండు చాలు! పొడుగూ, జిరాఫీ ఎత్తు నుంచి తీయమంటే నీ ఎత్తు నుంచి తీస్తావేంట్రా! ఆ, అదీ! బుడంకాయా, ఇప్పుడు దాన్ని ప్రేమగా చూడు. ప్రేమంటే, పరీక్షలు అయిపోయిన రోజు ఎలా చూస్తావో అలా! ర్యాంకూ, మైకు కనబడుతోంది, ఇంకొంచెం పైకెత్తు. నేను చెప్పేదాకా ఊపిరి తీయకు!"

"సరే," అని ర్యాంకు గొంతు, చిన్నగా.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత పదో తరగతి అంతా ఒకేసారి గొల్లుమంది. తలలన్నీ తలుపు వైపు తిరిగాయి. "అది మా అక్క!" అని బుడంకాయ కుర్చీ మీద నిలబడి వేలు చూపించింది, చూపించక్కర్లేకపోయినా. కబుర్లు మొహం రెండు చేతులతో కప్పుకుంది. వేళ్ల సందుల్లోంచి తెర వైపు చూస్తోంది. పేర్లు కదులుతున్నంతసేపూ ఆ గొంతు తిడుతూ, బతిమాలుతూ, నవ్వుతూ, సినిమా తీస్తూనే ఉంది.

లైట్లు వేశారు. వైస్ ప్రిన్సిపాల్ గారు వేదిక ఎక్కారు. హాలు సద్దుమణిగింది. ర్యాంకు లేచి నిలబడింది.

"ఈ సినిమా ఎవరు తీశారో ఇప్పుడు నాకు తెలిసింది. చెవులు పనిచేస్తున్నాయి నాకు," అన్నారాయన. "ఆ పిల్ల ఆవరణలోకి రాకూడదన్నానే?"

"రాలేదు సార్. గోడ అవతల నిలబడింది," అంది ర్యాంకు.

ఆయన కాసేపు తేరిపార చూశారు. "మరి నువ్వేం చేశావమ్మా?"

"చప్పుళ్లు చేశాను, సార్."

"ఏ చప్పుళ్లు?"

ర్యాంకు ఆలోచించలేదు. నాలుక దానంతటదే కదిలింది. గల్, గల్, గల్లుమని ఒక తాళాల గుత్తి వరండాలో నడిచి వస్తున్న చప్పుడు హాల్లో వినిపించింది. వైస్ ప్రిన్సిపాల్ గారి నడుముకి వేలాడే గుత్తి అది. ఆ చప్పుడు వింటే చాలు, బడిలో ఏ తరగతైనా సర్దుకుంటుంది. హాల్లోని పిల్లలంతా ఒక్కసారిగా నిటారుగా కూర్చుని, చేతులు కట్టుకున్నారు. ఆయన చెయ్యి చటుక్కున నడుం దగ్గరికి వెళ్లింది. గుత్తి అక్కడే ఉంది, కదలకుండా.

ముందు నవ్వింది ఆయనే. పెద్దగా, ఎప్పుడూ ఆయన నవ్వు విననివాళ్లందరూ బిత్తరపోయేలా. "ఆ మొదటి అట్ట మార్చి పోటీకి పంపండి," అన్నారు నవ్వు మధ్యలో. తలుపు వైపు తిరిగి, "కెమిస్ట్రీ మాత్రం పాసవ్వాలి, తెలిసిందా?" అన్నారు.

"అవుతాను సార్, కాకపోతే మీరు నన్ను మాట్లాడనిస్తే చెప్తాను, ఆ పేపర్లో మూడో ప్రశ్నే..." అని కబుర్లు అక్కడి నుంచే మొదలుపెట్టింది. అంతటితో ఆమెకి పూర్తిగా నయమైందని తరగతికి అర్థమైంది.

మర్నాడు నోటీసు బోర్డు మీద ఆ కాగితం లేదు. ర్యాంకు కంప్యూటరు గదిలో కూర్చుని అట్ట మార్చింది. దర్శకత్వం దగ్గర కబుర్లు పేరు. తన పేరు అన్నిటికన్నా కింద, చప్పుళ్లు అన్న మాట పక్కన. ఇంట్లో చూపిస్తే నాన్న తెరకి దగ్గరగా వంగి, పైనుంచి వెతుక్కుంటూ వచ్చి, చిట్టచివర ఆగాడు.

"ఇక్కడున్నావా?"

"ఇక్కడే నాన్నా."

ఆయన ఇంకోసారి చదివాడు. "బాగుంది," అన్నాడు. గొంతు సవరించుకుని, "వచ్చే ఆదివారం టెస్టు మాత్రం రాయాలి. రాశాక ఆ మెషీనుతో విమానం వస్తుందేమో చూద్దాం," అన్నాడు.

సినిమా పోటీకి పంపిన సాయంత్రం ఇద్దరమ్మాయిలూ బస్టాపులో నిలబడ్డారు. కబుర్లు తర్వాతి సినిమా కథ చెబుతోంది. అందులో దొంగ ఉన్నాడు, ఓడ ఉంది, ఓడలో ఒక ఆవు ఉంది. ఆవు ఓడలోకి ఎలా వచ్చిందో చెప్పేలోపు పైన రేకు మీద టప్‌మని ఒక చినుకు పడింది. కాస్త ఆగి ఇంకోటి. ర్యాంకు వేలెత్తింది. మొబైలు తీసి, రికార్డింగు నొక్కి, చేతిని రేకు అంచు దాకా చాపింది. కళ్లు మూసుకుంది. చినుకులు దూరదూరంగా, ఒక్కొక్కటే, ఒక్కో చోట ఒక్కోలా పడుతున్నాయి. తర్వాత దగ్గరపడ్డాయి.

కబుర్లు ఆవుని ఓడలోనే వదిలేసి నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది. బస్సొకటి వచ్చింది. అది వాళ్లు ఎక్కాల్సిన బస్సే. ఎక్కలేదు. అది వెళ్లిపోయింది. వాన రేకు మీద కుదురుకుంది. కబుర్లు బుగ్గలు ఉబ్బాయి, కళ్లు పెద్దవయ్యాయి, మడమల మీద ఊగింది.

"అయిందా?" అంది చివరికి, వేళ్ల మధ్య నుంచి, గుసగుసగా. "ఇంక మాట్లాడనా?"

"ఇంకొంచెం," అంది ర్యాంకు కళ్లు తెరవకుండానే.